ఉగ్రమూర్తి చెంతకు నడచిన బాలుడు

(నృసింహ జయంతి ఉత్సవములలో మూడవ దినమున చేసిన ఉపన్యాస పాఠము)



వైశాఖ శుద్ధ చతుర్దశి నృసింహ జయంతి. ఆ పర్వమును పురస్కరించుకొని ఈ మండపమున మూడు దినములుగా ప్రహ్లాద చరిత్రమును చెప్పుకొనుచున్నాము. స్తంభము పగిలినది, హిరణ్యకశిపుడు హతుడైనాడు. నిన్నటికి కథ అంతవరకు వచ్చినది. నేడు ప్రహ్లాదుని పట్టాభిషేకమును చెప్పి మంగళము పాడవలసియుండెను. కాని నిన్న సాయంకాలము జరిగిన ఒక చిన్న విషయము మా సంకల్పమును మార్చినది. దానిని మొదట విన్నవించెదము.

ఉపన్యాసము ముగిసి ప్రసాదము పంచుచుండగా, మండపము వెలుపల, చెప్పులు విడుచు చోట ఒక తల్లి నిలిచియుండెను. ఏడెనిమిదేండ్ల బాలుడు ఒక చేత ఆమె కొంగు పట్టుకొని, రెండవ అరచేత చెవి మూసికొని, ముందునకు వెనుకకు ఊగుచుండెను. మేము దగ్గరకు పోగా ఆమె అడిగిన మాట ఇది: "అయ్యా, మా పోరడు లోపటికొస్తే లొల్లి జేస్తడు. నలుగురు మా దిక్కే జూస్తరు. రెండు దినాల సంది ఈన్నించే ఇంటున్న. దేవుడు ఏమన్న అనుకుంటడా?"

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ముప్పది సంవత్సరములుగా పురాణము చెప్పుచున్న నోరు అచట మూతపడినది. ఏలయనగా, ఆ ప్రశ్నకు సమాధానము మా ఇంటనే మాకు తెలియుటకు నాలుగు సంవత్సరములు పట్టినది. ఆ నాలుగు సంవత్సరములలో మేము చేసిన తప్పులను ఇంతవరకు ఏ సభలోను చెప్పలేదు. నేడు చెప్పెదము.

మాది దేవరకొండ ప్రాంతము. మా మనుమనికి ఇప్పుడు పదకొండు సంవత్సరములు. వాడు మూడేండ్లు నిండువరకు అమ్మ అని పిలువలేదు. పిలిచిన తిరిగి చూడడు. చింతగింజలను గడప పొడుగునా వరుసగా పేర్చి, అందులో ఒకటి కదలినచో ఇల్లు అదరిపోవునట్లు ఏడ్చువాడు. కాని ఉదయము రేడియోలో వచ్చు మాటలను, ఆ గొంతు యాసతో సహా, సాయంకాలము అప్పగించుచుండెను. వీడు ఏకసంథాగ్రాహి, మా పేరు నిలుపును అని మేము పొంగిపోతిమి. తాతలకు ఆ బలహీనత సహజము.

ఆరవ యేట నుండి మొదలైనది అసలు కష్టము. సంజవేళ దీపము పెట్టి హారతి ఇచ్చు సమయమున వాడు చెవులు మూసికొని కేకలు వేయును. తన మణికట్టును తానే రక్తము చిమ్మునట్లు కొరుకుకొనును. గోడకు తల బాదుకొనును. పట్టుకొనబోయినవారిని గీరును. అర్ధగంట, ఒక్కొక్కప్పుడు గంట. పిమ్మట చెమటతో తడిసి, ఉన్నచోటనే నిద్రపోవును. లేచిన తరువాత ఏమియు జరుగనట్లు చింతగింజల చెంతకు పోవును.

పురాణము చెప్పువాని ఇంట, హారతి గంట మ్రోగగానే అరచు మనుమడు! మాకు వానిపై జాలి కంటె ముందు కలిగినది సిగ్గు. ఊరివారు తలకొక మాట చెప్పిరి. ఒకరు గాలి సోకినదనిరి, ఒకరు దిష్టి అనిరి. గ్రహణమునాడు కోడలు వాకిట తిరిగినదేమో అని ఒక పెద్దమ్మ అడిగెను. మేము స్వయముగా అన్న మాట వేరు. "నీ గారాబమువలననే వీడిట్లయినాడు" అని కోడలితో అంటిమి. ఒకనాడు కాదు, పలుమారులు. అంతటితో ఆగలేదు. కయాధువు గర్భమున ఉండగనే ప్రహ్లాదుడు నారదుని ఉపదేశము వినెను గదా. మరి నీవు గర్భిణిగా ఉన్నప్పుడు ఏమి విన్నావు, ఏమి చదివినావు అని కూడ అడిగితిమి. భాగవతమును చదివినవాడు దానిని ఇంటి ఆడపడుచులమీద కొరడాగా వాడుట ఎంత సులభమో చూడుడు. ఆ కథను సరిగా చదివియుండినచో ఒక మాట మాకు తోచియుండెడిది. ఆ తల్లి కాలక్రమమున నారదుడు చెప్పినదానిని మరచినదనియు, తనకు మాత్రము మునికృపచే గుర్తున్నదనియు ప్రహ్లాదుడే తన తోటి బాలురకు చెప్పును. బిడ్డ ఎట్టివాడగునన్నది తల్లి ఏమి విన్నదన్న దానిపైననే ఆధారపడునని ఆ గ్రంథమున ఎచటను లేదు.

ఒక అమావాస్యనాడు వానిని ఒకచోటికి తీసికొనిపోతిమి. ఆ చోటు పేరు, ఆ మనుష్యుని పేరు చెప్పుట అనవసరము. పోయినది మేము, డబ్బిచ్చినది మేము. వేపమండలతో వాని వీపుపై కొట్టించితిమి. గాలిని దింపుటకట. వాడు అరచిన కొలదియు, అరచుచున్నది లోపలి గాలియే అని ఆ మనుష్యుడు చెప్పెను, మేము నమ్మితిమి. కోడలు ఒక మూల నిలిచి చీరె చెంగు నోట కుక్కుకొనియుండెను. ఆ రాత్రి తరువాత ఆరు మాసముల వరకు మనుమడు మా గదిలోనికి రాలేదు.

అయ్యలారా, అమ్మలారా! ప్రహ్లాదునకు ఆతని తండ్రి చేసినదేమి? తనవలె నడువని కొడుకును మొదట ఒడిలో కూర్చుండబెట్టుకొని అడిగెను. పిమ్మట చండామార్కులకు అప్పగించెను. వారు సామ దాన భేద దండోపాయములన్నియు చూపిరి. అవియు పనికిరాకున్న ఏనుగులచే త్రొక్కించెను, పాములచే కరపించెను, విషము పెట్టించెను, నిప్పులలోనికి త్రోయించెను. కొడుకు తనకు భిన్నముగా ఉన్నాడన్న ఒక్క విషయమును సహింపలేని తండ్రి ఎంతవరకు పోవునో ఆ కథ చూపును. మేము ఏటేట వేదికపై హిరణ్యకశిపుని నిందించుచు, ఇంటికి పోయి ఆతని పనిని చిన్నపాటిగా చేయుచుంటిమి. వేపమండ ఏనుగు కాదు, నిజమే. ఆరేండ్ల వీపునకు ఆ తేడా ఎంత?

ఆ తరువాత మా కుమారుడు మమ్ము అడుగకయే బిడ్డను పట్నము తీసికొనిపోయెను. అచట ఒక వైద్యురాలు రెండు మూడు పర్యాయములు చూచి, దీనిని ఆటిజం అందురని చెప్పినది. ఇది గాలి కాదు, పిచ్చి కాదు, అంటురోగము కాదు. పుట్టుకతోనే మెదడు పెరుగు తీరులో ఉన్న భేదము. అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 1943లో పదునొకండుగురు పిల్లలను గూర్చి వ్రాసినప్పటి నుండి దీనికి ఒక పేరు ఏర్పడినది. అచట కూడ చాలకాలము తల్లులనే దూషించిరి. ప్రేమలేని తల్లుల వలన బిడ్డలిట్లగుదురని గొప్ప చదువులు చదివినవారే వ్రాసిరి. అట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1964లో పుస్తకము వ్రాసి, ఇది శరీరమునకు, మెదడునకు సంబంధించినదని వాదించెను. నేడు లోకము ఆ మాటనే ఒప్పుకొన్నది. అనేక జన్యువుల పాత్ర ఇందున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మా దేవరకొండ పెద్దమ్మయు, అమెరికా పండితులును ఒకే తప్పు చేసిరని వినినప్పుడు మాకు కొంత ఊరట, కొంత నవ్వు కలిగినవి. మేమును ఆ వరుసలోనివారమే గదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 సంవత్సరమునకు వేసిన లెక్క ప్రకారము 127 మందిలో ఒకరికి ఆటిజం ఉండును. ఈ మండపమున నేడు అయిదు వందల మంది కూర్చున్నారనుకొనుడు. చెప్పులు విడుచు చోట నిలుచువారు నిన్నటి ఆ తల్లి ఒక్కతెయే కాదని దీనివలన తెలియుచున్నది.

ఆ వైద్యురాలు చెప్పిన మాటలలో ఒకటి మమ్ము ఎక్కువగా కదలించినది. జిద్దు వేరు, ఈ ఉప్పెన వేరు అని ఆమె చెప్పినది. జాతరలో బూర కొనిపెట్టుమని ఏడ్చు పిల్లవాడు ఏడ్చుచునే మధ్య మధ్య తల్లి ముఖము చూచును. బూర చేతికి రాగానే ఊరకుండును. చూచువారు లేకున్నచో ఏడుపు తగ్గును. అది జిద్దు. ఉప్పెన అట్టిది కాదు. ఆ బిడ్డకు కావలసిన వస్తువేదియు లేదు, ఎవరి ముఖమును చూడడు, ఆపుమనిన ఆపలేడు. మనకు మామూలుగా వినబడు శబ్దము వానికి చెవిలో మేకువలె దిగును. మనము గమనింపని వెలుతురు కంట కారము వలె పడును. అన్నియు ఒకటిపై ఒకటి చేరి, చెరువు నిండి కట్ట తెగునట్లు తెగును. తెగిన కట్టను చూచి చెరువును బెత్తముతో కొట్టువారుందురా?

భాగవతమున జడభరతుని కథ మీరందరు ఎరుగుదురు. రహూగణుడను రాజు పల్లకిని మోయుటకు ఆయనను పట్టుకొనివచ్చిరి. ఆయన అడుగు తక్కిన బోయీల అడుగుతో కలియకుండెను, పల్లకి కుదుపులకు లోనయ్యెను. రాజు కోపించి ఎగతాళి చేసెను. కాళ్ళ క్రింద ప్రాణులు నలగకుండ ముందు నేలను చూచి చూచి ఆయన అడుగు వేయుచుండెనని పల్లకిలోనివానికి తెలియదు. జడభరతుడు మహాజ్ఞాని, మా మనుమని ఆయనతో పోల్చుట లేదు. పల్లకిలో కూర్చున్నవానికి క్రింది నేల కనబడదని మాత్రము చెప్పుచున్నాము. మేము పల్లకిలో ఉంటిమి.

మరి నేలను చూచుట ఎట్లు? దానికి వైద్యురాలు చెప్పిన ఉపాయము ఒక బడిపిల్లల నోటుపుస్తకము. ఉప్పెన వచ్చిన ప్రతి పర్యాయము వేళ, చోటు, అంతకు ముందు జరిగినది, దగ్గర ఉన్నవారు, ఆనాటి నిద్ర, తిండి, విరేచనము, తరువాత ఎంతసేపటికి తగ్గినది, ఇవన్నియు వ్రాయుమని చెప్పినది. కోడలు రెండు మాసములు వ్రాసెను. వంటింటి పొగలో, పసుపు మరకలతో ఆ పుస్తకము ఇప్పటికిని మా భాగవతము ప్రక్కనే ఉన్నది.

అందులో తేలినదేమి? కరెంటు పోయి ఫ్యాను ఆగిన వెంటనే మూడు పర్యాయములు. వాని స్టీలు పళ్ళెము బదులు వేరొకటి పెట్టినప్పుడు రెండు పర్యాయములు. విరేచనము కాక నాలుగు దినములైనప్పుడు ఒకటి. అది అన్నిటికంటె ఘోరమైనది. నోటితో నొప్పి అని చెప్పలేని బిడ్డ తల బాదుకొనుచున్నచో పన్ను, చెవి, కడుపు మొదట చూడవలెనని అప్పుడు నేర్చుకొంటిమి. తక్కినవి అన్నియు సంజవేళ. మా పూజగది చిన్నది, నాలుగు వైపుల బండరాతి గోడలు, మా తండ్రిగారి నాటి కంచుగంట. ఆ గంట మ్రోత ఆ గోడల మధ్య ఎట్లు తిరుగునో మేము ఒకనాడు చెవి యొగ్గి వింటిమి. ఆ తరువాత ఆ గంటను బట్టలో చుట్టి పెట్టెలో పెట్టితిమి. నేటివరకు మా ఇంట హారతి గంట లేకయే జరుగుచున్నది. గంట దేవతలను పిలుచుటకని పెద్దలందురు. మా ఇంట స్వామి పిలువకయే వచ్చుచున్నాడని అనుకొందుము. ఆగమము తెలిసినవారు మమ్ము క్షమింతురు గాక. మొదటి వారములోనే సంజవేళ కేకలు సగమునకు తగ్గినవి. దేవునిపై ద్వేషము కాదు, కంచుపై భయము. ఆ భయమునకు మేము వేపమండలతో జవాబు చెప్పియుంటిమి.

అన్నియు తగ్గలేదు. కారణము తెలియని ఉప్పెనలు నేటికిని వచ్చును. అట్టిది ఒకటి ఒక వేసవి రాత్రి వచ్చినది. వాకిట పడుకొనియున్నాము. వాడు లేచి అరచుచు, మణికట్టు కొరుకుకొనుచు నేలపై దొర్లుచుండెను. మేము అరుగుమీదనే నిలిచి, "ఊరకుండుము, నాయనా! తప్పు, తాత చెప్పిన మాట వినుము" అని గొంతెత్తి చెప్పుచుంటిమి. దగ్గరకు పోవుటకు భయము, గీరునని. ఇరుగుపొరుగు వచ్చి తలకొక సలహా ఇచ్చుచుండిరి. కోడలు వచ్చినది. మొదట వాకిట దీపమును ఆర్పినది. చేతితో సైగ చేసి అందరను పంపినది. అచటనున్న రాతిరోలును ప్రక్కకు జరిపి, వాని తల తగులుచున్న చోట ఒక బొంత పరచినది. పిమ్మట వానికి బారెడు దూరమున, ఎదురుగ కాక ప్రక్కగ, నేలపై కూర్చున్నది. ఒక్క మాట లేదు. ముట్టుకొనలేదు, ఆ సమయమున స్పర్శ వానికి నిప్పు వంటిదని ఆమెకు తెలియును. ఊపిరి మాత్రము మెల్లగా, మాకు వినబడునట్లు పీల్చి వదలుచుండెను. ఎంతసేపో లెక్క తెలియదు. వాని కేక మూలుగైనది, మూలుగు ఊపిరియైనది. వాడే ప్రాకుచు వచ్చి ఆమె మోకాలిపై తల పెట్టెను. అప్పుడు ఆమె చేయి వాని తలపై పడినది. "మంచినీళ్లు తాగుతావా, కన్నా?" అన్నది ఆ రాత్రి ఆమె పలికిన మొదటి మాట.

మాకు ఒళ్ళు జలదరించినది. ముప్పదేండ్లు చెప్పిన కథ కన్నుల ముందు జరిగినది.

భాగవత సప్తమ స్కంధమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. హిరణ్యకశిపుడు కూలిన తరువాత కూడ స్వామి ఉగ్రత తగ్గలేదు. బ్రహ్మ స్తుతించెను, రుద్రుడు స్తుతించెను, ఇంద్రుడు, ఋషులు, పితృదేవతలు, సిద్ధులు, గంధర్వులు వరుసగా స్తుతించిరి. ఒక్కొక్కరి స్తోత్రము ఎంతో గొప్పది. కాని అందరును దూరమున నిలిచియే పలికిరి. కోపము చల్లారలేదు. లక్ష్మీదేవిని పంపిరి. ఎన్నడు చూడని ఆ రూపమును చూచి ఆ తల్లియే దగ్గరకు పోజాలకపోయెను. చివరకు బ్రహ్మ ప్రహ్లాదునితో, నాయనా, నీవు పొమ్మనెను. బాలుడు ఏమియు పలుకలేదు. మెల్లమెల్లగా నడచి పోయి, పాదముల చెంత సాష్టాంగపడెను. స్వామి వానిని లేవనెత్తి తలపై చేయి పెట్టెను. ప్రహ్లాదుని స్తోత్రము ఆ తరువాత వచ్చినది. ముందు నడక, పిమ్మట స్పర్శ, ఆ పిమ్మట మాట. ఈ వరుసను వ్యాసుడు ఊరకనే పెట్టలేదు. ఆ స్తోత్రములోనే ప్రహ్లాదుడు చెప్పును, నీ భయంకరమైన ముఖము, నాలుక, కోరలు చూచి నేను భయపడను అని. భయపడనివానికే దగ్గరకు పోవుట చేతనైనది.

ఆ రాత్రి అరుగుమీద నిలిచి ఉపదేశము చేసిన మేము దేవతల వరుసలోనివారము. నేలపై కూర్చున్నది మా కోడలు.

ఇంకొక సంగతి. ఉగ్రమూర్తిని మన పెద్దలు ఏమి చేసిరి? సింహాచలమున వరాహ నృసింహస్వామికి సంవత్సరమంతయు చందనము పూతగా ఉండును. వైశాఖమున ఒక్క దినము మాత్రము నిజరూప దర్శనము. నృసింహునకు పానకము ఇష్టమని సమర్పింతురు. మన పాలమూరు సీమలోని అలంపురమున జోగులాంబ ఉగ్రస్వరూపిణి. 2005లో మరల కట్టిన ఆమె ఆలయము చుట్టును నీరు నింపిరి. ఎచటను ఉగ్రతకు శిక్ష లేదు. చల్లదనము కూర్చుటయే ఉన్నది. మన యాదగిరిగుట్టపై స్వామి జ్వాలా, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనృసింహ అను అయిదు రూపములలో వెలసినాడని స్థలపురాణము. జ్వాల ఎవరో, యోగానందుడును ఆయనయే. మా మనుమడు కూడ బోరునీళ్ళు పడు తొట్టిలో బత్తాయి చెట్టు నీడన గంటలకొలది యోగివలె కూర్చుండును. వానిని తెలిసినవారికి ఆ రూపమే ఎక్కువ పరిచయము. బజారున చూచినవారికి జ్వాల ఒక్కటియే కనబడును.

ఇక కర్మ మాట. ఇది పూర్వజన్మ పాపమని మీలో కొందరు మనసులో అనుకొనుచుందురు. నల్లగొండవారము మనకు ఈ విషయమున ఒక గుణపాఠము ఎప్పుడో జరిగినది. మర్రిగూడ వైపు ఊళ్ళలో పిల్లల కాళ్ళు వంకరపోయి, నడుములు వంగిపోయి, నలువది ఏండ్లకే ముసలివారగుచుండగా ఎందరు శాపమనిరి, ఎందరు పాపమనిరి! అది బావినీటిలోని ఫ్లోరైడు. పటిక, సున్నము కలిపి ఆ నీటిని బాగుచేయు పద్ధతికి లోకమంతట 'నల్లగొండ టెక్నిక్' అనియే పేరు. నీటిని మార్చవలసినచోట మనుష్యులను నిందించుచు కూర్చున్నాము. ఆటిజమునకు ఆ నీటికి సంబంధమున్నదని మేము చెప్పుట లేదు, అట్లు అపార్థము చేసికొనవలదు. తెలియని కారణమున్నచోట పాపమను పేరు వ్రాయుటకు మన చేయి ఎంత తొందరపడునో చెప్పుచున్నాము. కర్మ సిద్ధాంతము తన్ను తాను శోధించుకొనుటకు పనికివచ్చును. చెప్పులు విడుచు చోట నిలిచిన తల్లికి అద్దములో దానిని చూపు హక్కు ఎవరికిని లేదు.

మ్రొక్కు మ్రొక్కుకొనవచ్చును. గుట్టపై మండలము దినములు ప్రదక్షిణము చేయుటయు మంచిదే. మేమును చేసితిమి, మా మనస్సు కుదుటపడినది. కాని మ్రొక్కు పేరు చెప్పి వైద్యుని మందు మానిపింపకుడు. ఇట్టి పిల్లలలో కొందరికి మూర్ఛ కూడ ఉండును. ఆ మందు ఒక్క పూట తప్పినను ప్రమాదము. ఆటిజమును మొత్తము పోగొట్టెదమని డబ్బు అడుగువారిని, వారు స్వాములైనను సరే, నమ్మవలదు. వచ్చిన మాటలు పోయినను, ఎప్పటికంటె ఎక్కువగా తన్ను తాను గాయపరచుకొనుచున్నను వెంటనే డాక్టరుకు చూపవలెను. మాటలు రాని పిల్లలకు బొమ్మల అట్టలతో చెప్పుట నేర్పవచ్చును. నీరు కావలెను, నొప్పి, చాలు, బయటకు పోదము అను నాలుగు బొమ్మలు మా ఇంట ఎన్ని ఉప్పెనలను ఆపినవో!

పోవలసిన చోటులు కలవు. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ 1984 నుండి ఉన్నది; నేడు దానిని ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అని పిలుచుచున్నారు. అంత దూరము పోలేనివారు జిల్లా ఆసుపత్రిలో, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము వారిని అడుగవలెను. మండలములలో ప్రత్యేకావసరములుగల పిల్లలకు భవిత కేంద్రములు కలవు. బడి పంతులును అడిగిన చెప్పుదురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఆటిజం ఒకటి. కనుక బడిలో చేర్చుకొనుమని అడుగుట హక్కే గాని, బతిమాలుట కాదు.

ఈ మాటలు చెప్పుచుండగా మాకు పాలమూరు తల్లులు జ్ఞప్తికి వచ్చుచున్నారు. వలసపోవు ఇండ్లలో ఇట్టి బిడ్డ ఉన్నచో వాని గతి ఏమి? ఒకే పళ్ళెము, ఒకే దారి, ఒకే మంచము ఉన్నప్పుడే నిలువగలిగిన బిడ్డను మూడు మాసములకొక ఊరు త్రిప్పవలసివచ్చును. లేదా ఊరిలో అవ్వ వద్ద వదలి పోవలసివచ్చును. ఒక్క ముసలమ్మ, చేతికందని మనుమడు, తలుపు వేసికొనిన వాడ. మీ వాడలో అట్టి ఇల్లు ఉన్నచో ఉపదేశము వలదు. ఒక పూట ఆ ముసలమ్మ పడుకొని లేచువరకు వానికి కాపలా ఉండుడు. బిడ్డ ఏ శబ్దమునకు బెదరునో, ఏది చేతికిచ్చిన కుదుటపడునో ఆమెను అడిగి తెలిసికొనుడు. బజారునగాని గుడిలోగాని ఉప్పెన వచ్చినప్పుడు చుట్టు మూగకుడు. చూపు మరల్చి దారి ఇయ్యుడు. "గట్టిగా ఒక్కటి వెయ్యి" అను మాటను మ్రింగుకొనుడు.

ఆ వేసవి రాత్రి గడచిన మరునాడు మేము కోడలి వద్దకు పోయి, "తల్లీ, నిన్ను అనరాని మాటలు అంటిమి" అని చెప్పితిమి. ఆమె బియ్యము చెరుగుచుండెను. చేట ఆపలేదు. కొంతసేపటికి, "నన్ను అన్నది నలుగురిలో అన్నారు మామయ్యా. ఇది కూడా నలుగురిలో చెప్పండి" అన్నది. అయిదేండ్లుగా ఆ బాకీ మాపై ఉన్నది. నిన్న ఆ తల్లి అడిగిన ప్రశ్న వినునంతవరకు దానిని తీర్చు ధైర్యము చాలలేదు.

ట్రస్టు పెద్దలతో నిన్న రాత్రియే మాట్లాడితిమి. రేపు ఉదయము 5 గంటల నుండి 6 గంటల వరకు పెద్దగంట కట్టివేసి, మేళము, మైకు ఆపి ఉంచుటకు వారు అంగీకరించిరి. క్యూ ఉండదు. తూర్పు ద్వారము తెరచి ఉండును. బిడ్డ ఊగిన ఊగనిండు, పరుగెత్తిన పరుగెత్తనిండు, గర్భగుడి వరకు పోక మధ్యలో తిరిగిపోయినను సరే. అర్చకస్వామి తీర్థమును చెంచాతో కాక, పిల్లవాని స్వంత గిన్నెలో పోయుటకు కూడ ఒప్పుకొన్నారు. నిన్నటి తల్లికి కబురు పంపితిమి. మీకు తెలిసిన ఇండ్లకు మీరు కబురు చేయుడు.

ఆ వేళకు మా కోడలు మనుమనితో కలసి తూర్పు ద్వారము లోపల, ఎడమవైపు అరుగు క్రింద, నేలపై కూర్చుండియుండును. ఆమెతో మాటలాడవలెనన్న మెల్లగా మాటలాడుడు.

స్వస్తి.